తాటిమోళ్ళను నిలవనివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో అమెజాన్ అడవుల పంచవన్నెల చిలక మీద వచ్చిన వ్యాసం, బొమ్మలు బాగున్నాయి. పిల్లలు కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకునేలా ఉన్నాయి. అంటించుకునే ముందు రెండు వాక్యాలు దిద్దుకుంటే మంచిది. ‘గట్టి ముక్కుతో చెట్టును తొలిచి గూడు చేసుకుంటుంది’ అన్నది ఒకటి. ‘రకరకాల పండ్లు తినడం వల్ల ఈకలకు రంగులు వస్తాయి’ అన్నది రెండోది. చూడటానికి రెండూ చిన్న తప్పులే. మొదటిది మాత్రం, గూటికి చచ్చిన తాటిమోళ్ళ తొర్రల మీద ఆధారపడ్డ నెల్లూరు, ప్రకాశం జిల్లాల చిలకలకు ప్రాణం మీది సంగతి కాబట్టి దానితోనే మొదలుపెడతాం.

చిలక చెట్టును తొలవదు. గట్టి గింజను పిండిచేసే ముక్కే అయినా ఉలి పని దానికి చేతకాదు. పైముక్కు కొక్కెంలా కిందికి వంగి, పుర్రెకు అతికిన చోట మడతబందులా కదులుతుంది. పట్టుకోవడానికి, పిండడానికి, చీల్చడానికి, కొమ్మలెక్కేటప్పుడు మూడో కాలుగా వాడుకోవడానికి అది బాగా పనికొస్తుంది. తిన్నగా ఉలిలా ఉండే ముక్కు వడ్రంగిపిట్టది. అది తొలిచి వదిలేసిన తొర్రనో, కొమ్మ విరిగి పుచ్చిన బొర్రనో చూసుకొని, అంచులు కొరికి వెడల్పు చేసుకొని కాపురం పెట్టడమే చిలకజాతి పద్ధతి. అర్జెంటీనా వైపు పుల్లలతో గూడు అల్లే చిలక ఒకటుంది, ఆస్ట్రేలియాలో చెదపుట్టలు తొలిచేవి ఉన్నాయి. అలాంటివి కొద్దే.

మీ బొమ్మలోనిది నీలం-పసుపు మకావ్. ముక్కు నుంచి తోక చివర దాకా 85 సెంటీమీటర్లు, బరువు కిలో అటూ ఇటూ. అంత పక్షికి ఎంత తొర్ర కావాలో ఊహించుకోండి. పెరూ దేశంలో తంబోపాట నది చుట్టుపక్కల బురదనేలల్లో అగ్వాహే అనే తాటిజాతి చెట్టు గుంపులుగా పెరుగుతుంది. బ్రెజిల్‌లో దాన్నే బురిటి అంటారు. మన తాడిలాగే విసనకర్ర ఆకులు. మన తాడిలాగే పోతుచెట్టు వేరు, పండుచెట్టు వేరు. ఈ మకావ్ అక్కడ గుడ్లు పెట్టేది ఎక్కువగా చచ్చిన అగ్వాహే మోళ్ళలోనే. మొవ్వు పోయిన చెట్టులోకి పైనుంచి వాన దిగి, లోపలి మెత్తని బెండు కుళ్ళి, చుట్టూ గట్టి పెంకు మిగిలి నిలువు గొట్టమవుతుంది. జంట పైనుంచే లోపలికి దిగుతుంది. కింద నీళ్ళు నిలిచి, పక్క చెట్లు తగలకుండా ఉన్న మోడైతే కోతులూ పాములూ ఎక్కడం కష్టం. అలాంటి మోడు నిలిచేది నాలుగేళ్ళు, మహా అయితే ఏడేళ్ళు. అది కూలేలోపు పక్కన ఇంకొకటి చచ్చి తయారుగా ఉండాలి, లేకపోతే ఆ జంటకు ఇల్లు లేదు. అక్కడి పరిశోధకులు కొన్ని బతికున్న చెట్ల తలలు పనిగట్టుకొని కొట్టించి చూశారు. కొన్నాళ్ళకు మకావ్‌లు వాటిలో చేరాయి. పండ్ల కోసం అగ్వాహే చెట్లను మొదలంటా నరికేసే అలవాటు పెరూలో బాగా ఉంది కాబట్టి ఆ ప్రయోగానికి అవసరం వచ్చింది.

ఇప్పుడు కావలి నుంచి కనిగిరి దాకా పొలం గట్లు తలచుకోండి. పేర్లు మారతాయి గానీ కథ అదే.

తాటిచెట్టుకు పెరిగే కణుపు ఒక్కటే, తలలోని మొవ్వు. మొవ్వుకుళ్ళు తెగులు వచ్చినా, కొమ్ముపురుగు తిన్నా, పిడుగు పడినా చెట్టు ఇక చిగురించదు. వేప, చింతల్లాగా పక్కకొమ్మ వేసి బతికే దారి దానికి లేదు. ఏడాదిలో మట్టలన్నీ రాలి నున్నటి మోడు మిగులుతుంది. తాటిమాను గట్టిదనమంతా బయటి పొరలోనే. మూరెడు మందం మానులో చుట్టూ నాలుగైదు వేళ్ళ మందాన నల్లని ఈనెల చేవ ఉంటుంది, దూలాలకు వాసాలకు చీల్చుకునేది దాన్నే. నడుమ అంతా బెండు. తల ఊడిన చోట వాననీళ్ళు నిలిచి ఆ బెండు కుళ్ళడం మొదలుపెడుతుంది. రెండు మూడేళ్ళకు పైభాగం డొల్లవుతుంది. ఈలోగా నల్లనడుము వడ్రంగిపిట్ట వచ్చి పక్క నుంచి తొర్ర కొడుతుంది. పైపొర దాటితే లోపల సుఖంగా తొలవవచ్చని దానికి తెలుసు. ఒక కాపు పిల్లల్ని లేపుకొని అది వెళ్ళిపోయాక ఆ తొర్ర చిలకల పాలవుతుంది. చిలకలే కాదు, గోరింకలు, పాలపిట్టలు, పైడికంటెలు అన్నీ దానికోసం కాచుక్కూర్చునేవే. గోరింకతో పోట్లాట గట్టిది. చిలక ఒక పూట ఏమరితే చాలు, గోరింక వచ్చి గడ్డి, గుడ్డపీలికలు, ఒక్కోసారి పాము కుబుసం కూడా తొర్రనిండా కుక్కేస్తుంది.

మన మైదానంలో కనిపించేది రామచిలక. 2018లో మన రాష్ట్ర పక్షి అయింది. తోకతో కలిపి 40 సెంటీమీటర్లు, అందులో సగం తోకే. బరువు 120 గ్రాములకు అటూ ఇటూ. దక్షిణాది రామచిలకకు పైముక్కు ఎరుపు, కిందిముక్కు నలుపు. ఉత్తరాది దానికి కిందిముక్కులోనూ ఎరుపు ఉంటుంది. మగదానికి గడ్డం కింద నల్లగీత, మెడ వెనక గులాబీ కంఠి. ఈ కంఠి మూడో ఏడు వచ్చేదాకా పూర్తిగా దిగదు. కంఠి లేని ప్రతిదీ ఆడది అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. వాటిలో కుర్రమగవి కూడా ఉండవచ్చు. గిద్దలూరు పక్కన నల్లమలలోకి, పెంచలకోన పైన వెలికొండల్లోకి వెళితే మరో రెండు రకాలు తగులుతాయి. రేగుపండు రంగు తలతో, నీలిరంగు తోక చివర తెలుపుతో, ‘టూయ్ టూయ్’ అంటూ బాణంలా దూసుకుపోయేది ఒకటి. దాని ఆడదానికి తల బూడిదరంగు. భుజం మీద ముదురెరుపు మచ్చతో, జానెడు పక్షుల మధ్య మూరెడు పక్షిలా కనిపించేది పెద్దచిలక. అలెగ్జాండర్ సేనల వెంట గ్రీసు చేరిందని యూరప్ వాళ్ళు దానికి ఆయన పేరే పెట్టుకున్నారు.

మనకు వాన ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలది. అవి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాన్లు కూడా అప్పుడే. పాతబడిన మోళ్ళు ఏటా కొన్ని ఆ గాలులకే కూలతాయి. వానలు వెనకబట్టగానే జంటలు మిగిలిన తొర్రల చుట్టూ తిరగడం మొదలుపెడతాయి. చిలక గడ్డీ గాదమూ తేదు, అడుగున రాలిన చెక్కపొడి మీదే తెల్లటి గుడ్లు రోజు విడిచి రోజు పెడుతుంది. మూడు నుంచి ఐదు. ఆడది 22, 23 రోజులు పొదుగుతుంది. మగది మేత తెచ్చి కక్కి నోటికి అందిస్తుంది. గుడ్లు వరసగా పెట్టినట్టే పిల్లలూ వరసగా బయటికొస్తాయి, అందుకే ఒకే తొర్రలో ఈకలొచ్చిన పెద్దపిల్లా, కళ్ళు తెరవని చిన్నపిల్లా పక్కపక్కనే ఉంటాయి. మేత తగ్గితే ముందు పోయేది ఆ చిన్నదే. తంబోపాటలో ఎర్ర మకావ్‌ల లెక్కా ఇంతే, మూడో పిల్ల, నాలుగో పిల్ల దాదాపుగా ఆకలికే పోతాయి. మన చిలకపిల్ల తొర్ర దాటడానికి ఆరేడు వారాలు. అంటే సంక్రాంతికి మొదటి గుడ్డు పెడితే ఉగాదికి పిల్లలు ఎగురుతాయి. ఆ డెబ్భై అయిదు రోజులూ ఆ మోడు కదలకూడదు.

ఆ రోజుల్లోనే గట్ల మీది మోళ్ళు మాయమవుతాయి. వానలు పోయాక ఇటుక బట్టీలు కాలడం మొదలయ్యేది, వాటికి కట్టెలు కావలసి వచ్చేది అప్పుడే. పచ్చిచెట్టును నరికితే ఎవరైనా అడుగుతారేమో గానీ చచ్చినదాన్ని అడిగేవాడు లేడు, పైగా రైతుకు అడ్డు తొలిగిందన్న సంతోషం. తీరం వెంట రొయ్యల చెరువులు తవ్వినప్పుడు గట్టుతో పాటు తాళ్ళన్నీ పోయాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయేవి మర్రి, రావి, దిరిసెన చెట్ల బొర్రలు. మేతకు చిలకకు కరువు లేదు. వేపపండు, సీమచింత, మర్రిపండు, సజ్జ, జొన్న, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు, జామ, పండుమిరప ఏదైనా తింటుంది. (మిరప ఘాటు పక్షుల నాలుకకు తెలియదు. మన నోరు మండించే పదార్థాన్ని పసిగట్టే చోట వాటికి ఆ స్పందన లేదు.) లోటు ఉన్నది తొర్రలకే. తొర్ర దొరకని జంట ఆ ఏడు గుడ్డు పెట్టదు, అంతే.

ఇందులో ఒక మోసం కూడా ఉంది. చిలక ఆయుష్షు ఎక్కువ, ఇరవై ఏళ్ళ పైబడి బతుకుతుంది. గూళ్ళు పోయినా పెద్దపక్షులు ఏళ్ళ తరబడి గుంపులుగా చేలమీద వాలుతూనే ఉంటాయి. ‘ఎన్ని చిలకలో చూడండి, ఎక్కడ తగ్గాయి?’ అని రైతు అంటాడు. తగ్గింది కనిపించేది ఆ ముసలిగుంపు ఒక్కసారిగా రాలిపోయినప్పుడే. గుంపును చూసి లెక్క వేయకూడదు. మే, జూన్ నెలల్లో గుంపులో కురచతోక, పాలిపోయిన ముక్కు ఉన్న ఆ ఏటి పిల్లలు ఎన్ని ఉన్నాయో చూడాలి.

అన్ని మోళ్ళనూ నిలపమని మేము అనడం లేదు. కొబ్బరితోటలో చచ్చి కుళ్ళుతున్న మాను కొమ్ముపురుగుకు పుట్టిల్లు. దాని తెల్లని లద్దెపురుగులు కుళ్ళిన బెండులోనే పెరుగుతాయి, తల్లిపురుగు పోయి పచ్చి మొవ్వును తింటుంది. తోట దగ్గరి మోడును కొట్టి, చీల్చి తగలబెట్టడమే సరైన పని. ఇంటి మీదికో, కరెంటు తీగ మీదికో, బడిదారి మీదికో పడేటట్టున్నదాన్నీ ఉంచలేం. మోడు ఎత్తుకు ఇంకో పది అడుగులు కలిపినంత దూరంలో ఏమీ లేకపోతే దాన్ని వదిలేయండి. తప్పక కొట్టవలసి వస్తే మొదలంటా కాక పదిహేను అడుగులు మిగిల్చి పైన కొట్టండి. ఆ మొండెం ఇంకా కొన్నేళ్ళు పనికొస్తుంది, ఎవరి మీదా పడదు. పొలం గట్టున ఎకరాకు ఒక్క మోడు మిగిలినా మాకు మహాభాగ్యం.

మోళ్ళు పూర్తిగా పోయిన ఊళ్ళలో గూటిపెట్టె పెట్టవచ్చు. అంగళ్ళలో దొరికే ప్లైవుడ్ పిచ్చుకగూళ్ళు దీనికి పనికిరావు. చిలక ఒక్క సీజనులో ప్లైవుడ్‌ను పీలికలు చేస్తుంది. కూలిన తాటిమాను నుంచి 75 సెంటీమీటర్ల ముక్క కోయించి, నడిమి బెండు తీయించి, అడుగున ఒక చెక్క, పైన వెనక్కి వాలుగా మరో చెక్క బిగిస్తే అంతకన్నా మంచి గూడు లేదు. లోపలి వెడల్పు 20 నుంచి 25 సెంటీమీటర్లు, ద్వారం నుంచి అడుగుకు లోతు 45కు తక్కువ కాకూడదు. ద్వారం గుండ్రంగా 7 సెంటీమీటర్లు. అంతకన్నా పెద్దదైతే పిల్లి, కాకి లాంటివి దూరే ప్రమాదం ఎక్కువ. లోపలి గోడను ద్వారం కింద ఉలితో అడ్డగాట్లు పెట్టి గరుకు చేయాలి, లేకపోతే పిల్లలు పైకి ఎక్కలేక లోపలే చస్తాయి. ఇది చాలామంది మరిచిపోయే సంగతి. అడుగున పెన్సిలు పట్టేంత రంధ్రాలు నాలుగు, వాటిపైన నాలుగు వేళ్ళ మందాన చెక్కపొట్టు. రంపపు పొడి వద్దు, తడిసి అట్టకట్టి బూజు పడుతుంది, పిల్లల ముక్కులో దూరుతుంది. రేకు కప్పు అసలు వద్దు. మన ఏప్రిల్ ఎండకు లోపల పిల్లలు ఉడికిపోతాయి.

కట్టే చోటు ఇరవై అడుగుల ఎత్తు ఉంటే మంచిది. ద్వారం ఉత్తరానికి తిప్పండి, పడమటి ఎండ తగలదు. పెట్టె కాస్త ముందుకు వంగి ఉంటే వాన లోపలికి కొట్టదు. దీపావళి నాటికే కట్టేయాలి. జనవరిలో కడితే పక్షులకు దాన్ని చూసి నమ్మడానికి వ్యవధి ఉండదు, ఆ ఏడు గోరింకలే చేరతాయి. తేనెటీగలు పట్టడం, కండచీమలు చేరడం మామూలు. చీమలకు కట్టుతీగ మీద గ్రీజు పూసేవాళ్ళున్నారు. గ్రీజు ఈకలకు అంటితే పక్షి పని అయిపోయినట్టే, దానికి బదులు కట్టే ముందే మాను చుట్టూ ఉన్న చీమలపుట్టను చూసుకోవడం మేలు. పొదిగే రోజుల్లో పెట్టెలో చెయ్యి పెట్టడం, మూత తీసి చూడటం వద్దు. చూడవలసి వస్తే పిల్లలు పలికే చప్పుడు వినబడ్డాక, కర్రకు అద్దం కట్టి ఒక్క నిమిషం చూసి దిగిపోవాలి.

రైతు మాట కూడా వినాలి. చిలక తినేది కొంత, పారబోసేది కొండంత. పాలుపట్టిన మొక్కజొన్న కండెను రెండు కొరుకులు కొరికి ఇంకోదానికి ఎగురుతుంది. పొద్దుతిరుగుడు పువ్వు మీద తలకిందులుగా వేలాడి గింజలు గుల్ల చేస్తూ సగం నేల రాలుస్తుంది. నష్టమంతా గింజ పాలుపట్టినప్పటి నుంచి కోత దాకా ఉండే రెండు మూడు వారాలదే, అదీ పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత. మిగతా వేళల్లో కాపలా దండగ. ఊరంతటికన్నా ముందు విత్తినవాడి చేను, అందరికన్నా వెనక విత్తినవాడి చేను తుడిచిపెట్టుకుపోతాయి. పక్క రైతులతో కలిసి వారం తేడాలో విత్తితే నష్టం పంచుకున్నట్టవుతుంది. గట్టు పక్క మూడు నాలుగు సాళ్ళలో కండెలను ఆ మొక్క ఆకులతోనే చుట్టి ముడివేస్తే చిలకకు కండె కనబడదు, గింజ నిండటం ఆగదు. ఇది జొన్నకంకికి కూడా చెల్లుతుంది. ఒకవైపు ఎరుపు, ఒకవైపు వెండి ఉన్న మెరుపు రిబ్బను పైరుకు మూరెడు పైన, ఉత్తర దక్షిణాలుగా, వరసకూ వరసకూ 5 మీటర్ల దూరంలో, రెండు మూడు మెలికలు తిప్పి కట్టాలి. మెలికలు లేకుండా బిగదీసి కడితే గాలికి రొద చేయదు, మెరవదు. పదిహేను రోజులకు పక్షులు దానికి అలవాటు పడతాయి కాబట్టి విత్తిన నాడే కట్టి ఉపయోగం లేదు, పాలుపట్టే ముందురోజు కట్టాలి. టపాసులూ గ్యాసు తుపాకులూ అంతే, రోజూ ఒకే చోట, ఒకే వేళకు పేలితే వారంలో దాని మీదే వాలతాయి. సన్నని నైలాను వలలు వదులుగా కప్పితే చిలకలు, పాలపిట్టలు, పాములు అన్నీ చిక్కి చస్తాయి. జామకు కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే కాగితం సంచి తొడగడం ఒక్కటే నమ్మకమైన దారి. మందు కలిపిన గింజలు చల్లేవాళ్ళు చిలకలకన్నా ముందు పావురాలను, పక్కింటి కోళ్ళను చంపుతారు. చట్టప్రకారం అది నేరం కూడా.

రెండో తప్పు సంగతి. పండ్ల వల్ల రంగు రావడమన్నది ఫ్లెమింగోకు సరిపోతుంది. పులికాట్ ఉప్పునీళ్ళలో అది వడకట్టి తినే నాచు, చిన్నరొయ్యల్లోని కెరోటినాయిడ్లు అనే రంగుపదార్థాలే దాని ఈకల్లో గులాబీ అవుతాయి. సూళ్ళూరుపేట ఫ్లెమింగో పండుగకు వెళ్ళినవాళ్ళంతా ఈ మాట విన్నదే. చిలకజాతి దారి వేరు. ఎరుపు, పసుపు రంగులను అది తిండిలోంచి తీసుకోదు, ఈక మొలిచే కుదురులోనే సొంతంగా తయారుచేసుకుంటుంది. సిట్టకోఫల్విన్ అంటారు ఆ రంగుపదార్థాలను. ఇంకే పక్షిజాతికీ అవి లేవు. నీలం విషయం ఇంకా వింత. చిలక ఈకలో నీలిరంగు పదార్థమే లేదు. ఈకపోగులో స్పంజిలా సన్నని గాలిగదులున్న పొర ఒకటి, దాని కింద నల్లని మెలనిన్ ఉంటాయి. పొర నీలికాంతిని వెనక్కి చిమ్ముతుంది, మిగతాదాన్ని నలుపు మింగేస్తుంది. ఆ నీలం మీద పసుపు పూత పడితే మనం చిలకపచ్చ అంటాం. వానలో తడిసిన చిలక వన్నె తగ్గి మట్టిరంగుకు తిరగడం, రాలిన ఈకను రాయితో నూరితే పచ్చదనం పోయి మురికిగా మారడం ఇందువల్లే. నూరితే ఆ గదులు నలిగిపోతాయి. మీ బొమ్మలోని మకావ్‌కు వీపున పసుపు పూత లేదు కాబట్టి నీలం, పొట్టన నీలాన్ని చిమ్మే ఏర్పాటు లేదు కాబట్టి పసుపు.

ఇది తెలిస్తే ఒక అంగడి మోసం కూడా తెలుస్తుంది. ‘నీలం రామచిలక, విదేశీ రకం’ అని అమ్మేది మన రామచిలకే. పసుపు తయారీ పుట్టుకతోనే పోయిన పక్షులను జతకట్టించి తీసిన సంతతి. నిండు పసుపు రంగులో అమ్మే రామచిలకకు మెలనిన్ పోయింది. ఏ రంగులో ఉన్నా రామచిలకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం నాలుగో షెడ్యూలులో ఉన్న విదేశీ చిలకలు పెంచేవాళ్ళు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పసుపు-నారింజ రంగుల సన్ కన్యూర్‌ను మన ఊళ్ళలో కూడా జతల లెక్కన అమ్ముతున్నారు. అది సొంతగడ్డ అయిన గయానా, ఉత్తర బ్రెజిల్ అంచుల్లో పట్టివేతల వల్లే అంతరించే దశకు వచ్చింది. పెంచలేక గాలికి వదిలేయడం ఇంకో తప్పు. లండన్, బ్రస్సెల్స్ పార్కుల్లో మన రామచిలకలు అలా వదిలేసినవీ తప్పించుకున్నవీ పెరిగి, అక్కడి తొర్రపిట్టల ఇళ్ళు ఆక్రమించాయి.

మాఘం, ఫాల్గుణాల్లో పిల్లలను పట్టేవాళ్ళు తొర్ర ద్వారంలో చెయ్యి పట్టక, కింద కత్తితో కిటికీ కోస్తారు. పిల్లలు పోవడం ఒక నష్టం. ఆ తొర్రలోకి ఎండ, వాన, ఉడుము దూరి, మళ్ళీ ఏ పక్షికీ పనికిరాకపోవడం పదేళ్ళ నష్టం. మాటలు రావాలని నాలుకకు వస రాయడం మరో అలవాటు. ‘వసపిట్ట’ అన్న మాట అందులోంచే వచ్చినా, చిలక పలికేది ప్రధానంగా గొంతు అడుగున, శ్వాసనాళం రెండుగా చీలే చోట ఉండే సిరింక్స్‌తో. పిల్లకు అది నేర్పేది వినికిడి. వసకొమ్ములో విషపదార్థం ఉంది, చిన్న పిల్లకు అది హాని.

గాలికి మోడు విరిగి పిల్ల దొరికితే ముందు చేయవలసింది వెచ్చబెట్టడం. ఈకలు రాని పిల్ల చల్లగా ఉన్నప్పుడు మేత పెడితే అది గొంతుసంచిలోనే పులిసి పిల్ల చస్తుంది. గుడ్డ పరిచిన అట్టపెట్టెలో, గోరువెచ్చని నీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. పాలు పోయవద్దు, పక్షికి పాలచక్కెర అరగదు. నోట్లో నీళ్ళు పోయవద్దు, శ్వాసనాళం నోరు నాలుక మొదట్లోనే ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మోడు నిలిచే ఉండి తొర్ర కనబడితే అందులోకే తిరిగి వేయవచ్చు. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది ఉత్తమాట. తొర్ర పోయి ఉంటే అదే పూట అటవీ శాఖ వాళ్ళకు అప్పగించండి.

రోడ్లు, కాలవగట్లు, కరెంటులైన్ల కింద చెట్లు కొట్టించే శాఖలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. డిసెంబరు నెలాఖరు నుంచి మే దాకా తొర్ర ఉన్న మోడు దగ్గర పని ఆపి చూడండి. తొర్ర అంచులు తాజాగా కొరికి ఎర్రచెక్క కనబడుతుంటే, ద్వారం కింద తెల్లరెట్ట చారలు ఉంటే కాపురం ఉన్నట్టే. మోడును తట్టి చూడటం ఒక్కటే నమ్మవద్దు, గుడ్లమీది ఆడపక్షి ఎంత తట్టినా ఒక్కోసారి కదలదు. పొద్దున ఆరున్నర, ఎనిమిది మధ్య నలభై అడుగుల దూరంలో నిలబడితే మగది మేతతో వచ్చి పక్క చెట్టు మీద కూర్చుని పిలుస్తుంది, ఆడది తల బయట పెడుతుంది. గంటన్నరలో ఏదీ రాకపోతే మోడును కొట్టవచ్చు.

ఇట్లు,
పక్షుల లెక్కలు చూసే మిత్రులం,
ఒంగోలు, కావలి